ఓహాయో స్టేట్ రిసీవర్లు 2025: స్మిత్ సంగతి సరే, ఎగ్‌బూకా ఖాళీ చేసిన చోటు ఎవరిది?

వారాంతపు_ప్రేక్షకుడు (ప్రశ్న)

అందరికీ నమస్తే. అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్‌లో ఓహాయో స్టేట్ సీజన్ ఆగస్టు 30న కొలంబస్‌లో టెక్సస్‌తో మొదలవుతోంది. ప్రీసీజన్ ఏపీ పోల్‌లో (క్రీడా విలేకరులు ఇచ్చే ర్యాంకుల్లో) టెక్సస్‌ది మొదటి స్థానం, ఓహాయో స్టేట్‌ది మూడు. రిసీవర్ల (పాస్‌లు పట్టేవాళ్ల) గురించి ఏది చదివినా జెరెమయా స్మిత్ పేరే. ఫ్రెష్‌మన్‌గా (మొదటి ఏడాదిలో) 76 క్యాచ్‌లు, 1,315 యార్డులు, 15 టచ్‌డౌన్లు చేసినవాడి గురించి ఎంత రాసినా తక్కువే, ఒప్పుకుంటాను. కానీ జనవరిలో కాటన్ బౌల్‌లో (ప్లేఆఫ్ సెమీఫైనల్) ఇదే టెక్సస్ అతన్ని ఒక్క క్యాచ్‌కి, 3 యార్డులకి కట్టేసింది. అప్పుడు పక్కన ఎమెకా ఎగ్‌బూకా ఉన్నాడు. ఇప్పుడు లేడు.

నా సందేహాలు ఇవి. టెక్సస్ అప్పుడు చేసిందేమిటి, మళ్లీ చేస్తే విరుగుడు ఏమిటి? ఎగ్‌బూకా చోట బ్రాండన్ ఇనిస్ సరిపోతాడా? క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు వేసేవాడు) విల్ హోవర్డ్ వెళ్లిపోయి జూలియన్ సేయిన్ వచ్చాడు కదా, దానివల్ల రిసీవర్ల ఆటలో మారేదేమిటి? టీవీలో చూస్తూ ఇవన్నీ ఎలా కనిపెట్టాలో కూడా చెబితే సంతోషం. గణాంకాలు నేను చూసుకోగలను, వాటి వెనక ఉన్నది కావాలి.

హ్యాష్‌మార్క్

మంచి ప్రశ్న. గణాంకాలు చూసుకోగలను అన్నారు గానీ ఒక లెక్క మాత్రం ముందు పెట్టుకోవాలి. పోయిన సీజన్‌లో ఎగ్‌బూకా 81 క్యాచ్‌లు, స్మిత్ 76, కార్నెల్ టేట్ 52. ముగ్గురివీ కలిపితే 209. హోవర్డ్ పూర్తి చేసిన పాస్‌లు 309. అంటే ఇంచుమించు మూడింట రెండు వంతులు ఈ ముగ్గురి చేతుల్లోకే వెళ్లాయి. అందరికన్నా ఎక్కువ క్యాచ్‌లు పట్టింది స్మిత్ కాదు, ఎగ్‌బూకా. సగటు చూస్తే స్మిత్‌కి క్యాచ్‌కి 17.3 యార్డులు, టేట్‌కి 14.1, ఎగ్‌బూకాకి 12.5. మూడో డౌన్‌లో (పది యార్డులు సాధించడానికి ఉన్న నాలుగు ప్రయత్నాల్లో మూడోది) 6 యార్డులు కావలసినప్పుడు 7 యార్డులు తెచ్చిపెట్టే పని ఎగ్‌బూకాది. 205 క్యాచ్‌లతో స్కూల్ రికార్డు పెట్టి వెళ్లినవాడు. ఖాళీ అయింది ఆ పని.

ఇక టెక్సస్ చేసింది. స్మిత్ ఎదురుగా ఒక కార్నర్ (బయటి రిసీవర్‌ని కాసే డిఫెండర్), పైన సాయానికి ఒక సేఫ్టీ (వెనక లోతులో ఉండే డిఫెండర్). కార్నర్ కింద, బయటివైపు కాస్తాడు. సేఫ్టీ పైన, లోపలివైపు ఉంటాడు. స్మిత్ నిలువుగా పరుగెత్తితే సేఫ్టీ ముందే అక్కడ ఉంటాడు, లోపలికి తిరిగితే అతనే కిందికి దూకుతాడు. బంతి బయటికి వేద్దామంటే కార్నర్ అడ్డు. బలవంతంగా వేస్తే వేయొచ్చు, కానీ ఇంటర్‌సెప్షన్ (బంతి డిఫెన్స్ చేతికి పోవడం) ఖాయం అన్నట్టుంటుంది. హోవర్డ్ వేయలేదు, మంచి పని చేశాడు. ఆ మ్యాచ్‌లో టేట్ 7 క్యాచ్‌లతో 87 యార్డులు చేశాడు, 28-14తో గెలిచారు. దాని ముందు మ్యాచ్ రోజ్ బౌల్‌లో ఓరెగన్ స్మిత్‌కి అంత కాపలా పెట్టలేదు. ఫలితం 7 క్యాచ్‌లు, 187 యార్డులు, 2 టచ్‌డౌన్లు, స్కోరు ఒక దశలో 34-0. ఆ రెండు మ్యాచ్‌లూ చూసిన ఏ డిఫెన్స్ కోచ్ అయినా ఈ ఏడాది టెక్సస్ దారే పడతాడు.

ఇక్కడ చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది: హ్యాష్ గుర్తులు, అంటే మైదానం పొడవునా ఉండే రెండు వరసల చిన్న గీతలు. ప్రతి ఆటా వాటి మీద గానీ వాటి మధ్య గానీ మొదలవుతుంది. మైదానం వెడల్పు 160 అడుగులు, అంటే 53 యార్డుల పైచిలుకు. కాలేజీలో రెండు హ్యాష్‌ల మధ్య దూరం 40 అడుగులు, ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 18 అడుగుల 6 అంగుళాలే. కాబట్టి కాలేజీలో బంతి ఎడమ హ్యాష్ మీద ఉంటే ఎడమ గీత 20 యార్డుల దూరంలో, కుడి గీత 33 యార్డులకు పైన ఉంటాయి. ఇరుకు వైపుని బౌండరీ అంటారు, వెడల్పు వైపుని ఫీల్డ్ అంటారు.

స్మిత్‌ని బౌండరీ వైపు ఎక్స్ రిసీవర్‌గా (చివరన ఒంటరిగా ఉండేవాడిగా) నిలబెడితే సేఫ్టీకి అతని మీదికి రావడానికి నాలుగడుగులు చాలు, పైగా పక్క గీత కూడా డిఫెన్స్‌కే సాయం చేస్తుంది. ఇద్దరిని కాపలా పెట్టడం అక్కడ చౌక. అదే స్మిత్‌ని ఫీల్డ్ వైపు, అందులోనూ లోపల స్లాట్‌లో (బయటి రిసీవర్‌కీ లైన్‌కీ మధ్య చోటులో) నిలబెట్టండి. కార్నర్‌కి గీత సాయం పోయింది, స్మిత్ రెండు వైపులకీ తిరగగలడు. అతని మీద సేఫ్టీని పెడితే మైదానం నడిమధ్య బోసిపోతుంది. అందుకే మొదటి రెండు డ్రైవ్‌లలో (బంతి మన చేతికొచ్చిన మొదటి రెండుసార్లు) స్మిత్ ఎక్కడ నిలబడుతున్నాడో రాసుకోండి. పది స్నాప్‌లలో (స్నాప్ అంటే బంతి వెనక్కి అందించి ఆట మొదలుపెట్టడం) ఎనిమిది బౌండరీ ఎక్స్‌గానే ఉంటే కాటన్ బౌలే మళ్లీ చూడాల్సి వస్తుంది.

రెండో విరుగుడు మోషన్, అంటే స్నాప్‌కి ముందు ఒకడు పక్కకి కదలడం. నోటర్ డామ్‌తో ఫైనల్‌లో స్మిత్ మొదటి టచ్‌డౌన్ గుర్తు చేసుకోండి. 8 యార్డుల గీత దగ్గర బయట నిలబడి, స్నాప్‌కి ముందు బంతి వైపు లోపలికి కదిలాడు. కాపలావాడు వెంటపడ్డాడు. స్నాప్ కాగానే స్మిత్ కాలు పాతి వచ్చిన దారినే బయటికి తిరిగాడు. కాపలావాడి బరువంతా ఇంకా లోపలి కాలి మీదే ఉంది. తిరిగేలోపు బంతి చేతిలో పడింది, దరిదాపుల్లో ఎవరూ లేరు. ఇది మ్యాన్ కవరేజ్ (ఒక్కో డిఫెండర్ ఒక్కో రిసీవర్‌ని కాయడం) మీదే పనిచేస్తుంది. జోన్ (మనిషిని కాక చోటుని కాయడం) అయితే ఎవరూ వెంట రారు, పక్కవాడికి చూపించి ఒప్పగించేస్తారు. ఆ మాత్రం తెలిసినా క్వార్టర్‌బ్యాక్‌కి లాభమే, ఎదుట ఉన్న కవరేజ్ ఏదో స్నాప్‌కి ముందే బయటపడుతుంది. జాగ్రత్త ఒకటే: స్నాప్ సమయంలో కదిలేవాడు ఆట మొదలయ్యే గీత వైపు ముందుకు కదలకూడదు, కదిలితే 5 యార్డుల పెనాల్టీ. కొత్త క్వార్టర్‌బ్యాక్ స్నాప్ పిలుపు అర సెకను అటూ ఇటూ అయితే ఈ తప్పు తరచు జరుగుతుంది.

స్లాట్_బ్లాకర్

హ్యాష్‌మార్క్ గారు చెప్పినదాంట్లో స్మిత్ భాగానికి నేను కలిపేదేమీ లేదు. ఇనిస్ గురించి మాట్లాడుకుందాం.

ఇనిస్ ఫ్లోరిడా కుర్రాడు, 2023 బ్యాచ్, ఇది మూడో ఏడు. కాలేజీలో అతని మొదటి క్యాచే పర్డ్యూ మీద 58 యార్డుల టచ్‌డౌన్. అయినా ఎగ్‌బూకా ఉన్నంతకాలం స్లాట్‌లో చోటు దొరకలేదు. కాబట్టి పాత అంకెలు చూసి తీర్పు చెప్పకండి. ఒళ్లు గట్టిది, బంతి పట్టాక పరుగు తీయడం అతని బలం. ఎగ్‌బూకాకీ ఇతనికీ తేడా ఎక్కడంటే, ఎగ్‌బూకా జోన్‌లో ఖాళీ చూసి అక్కడ ఆగేవాడు. ఇద్దరు లైన్‌బ్యాకర్ల (డిఫెన్స్ రెండో వరసవాళ్ల) మధ్య 6 యార్డుల సందు దొరికితే పరుగు ఆపి, క్వార్టర్‌బ్యాక్ వైపు ఛాతీ తిప్పి నిలబడేవాడు. స్లాట్ రిసీవర్‌కి అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చే విద్య అదే. కొత్తగా వచ్చినవాళ్లు పరుగు ఆపరు, సందు దాటి రెండో లైన్‌బ్యాకర్ ఒళ్లోకి వెళ్లిపోతారు. టీవీలో అది క్వార్టర్‌బ్యాక్ తప్పులా కనిపిస్తుంది. ఇనిస్ పట్టే మొదటి నాలుగైదు బంతుల్లో ఆగి పట్టినవెన్ని, పరుగులో పట్టినవెన్ని చూడండి. మూడో డౌన్‌లో ఆగి పట్టడం మొదలైతే ఎగ్‌బూకా పనిలో సగం అతను అందుకున్నట్టే.

మిగతా సగం బ్లాకింగ్. దీని గురించి ఎవరూ రాయరు, నాకు బాధ కలిగించే విషయం ఇదే. స్లాట్‌లో ఉన్నవాడు రన్ ఆటలో నికెల్ బ్యాక్‌నో (స్లాట్‌ని కాసే అదనపు డిఫెండర్), కిందికొచ్చే సేఫ్టీనో అడ్డుకోవాలి. ఇది చేయలేకపోతే ముగ్గురు రిసీవర్లతో ఉన్నప్పుడు ఈ జట్టు పరుగెత్తలేదు. పద్ధతి ఇలా ఉంటుంది: వేగంగా దూరం తగ్గించి, తగిలే ముందు రెండడుగులు పొట్టివి వేసి, చేతులు ఎదుటివాడి ఛాతీ మీద, బొటనవేళ్లు పైకి ఉండేలా పెట్టాలి. చెయ్యి భుజం బయటికి జారి జెర్సీ పట్టుకుందా, హోల్డింగ్, 10 యార్డులు వెనక్కి. అడుగులు పొట్టిగా వేయకుండా గుద్దడానికి వెళ్తే సేఫ్టీ పక్కకి తప్పుకుంటాడు, రిసీవర్ నేల మీద పడతాడు.

ఇంకోటి, ఎగ్‌బూకా చోటు మనిషికి మనిషి లెక్కన నిండదని నా అభిప్రాయం. పర్డ్యూ నుంచి వచ్చిన టైట్ ఎండ్ (లైన్ పక్కన నిలబడి బ్లాక్ చేస్తూ పాస్‌లు కూడా పట్టేవాడు) మ్యాక్స్ క్లేర్ పోయిన ఏడాది 51 క్యాచ్‌లు, 685 యార్డులు, 4 టచ్‌డౌన్లు చేశాడు, అదీ ఒకే ఒక్క మ్యాచ్ గెలిచిన జట్టులో. స్మిత్ మీద ఇద్దరిని పెడితే ఖాళీ అయ్యేది మైదానం నడిమధ్య. అక్కడికి వెళ్లేది టైట్ ఎండ్. ఎగ్‌బూకా క్యాచ్‌లలో పెద్ద వాటా క్లేర్‌కి వెళ్తుంది, ఇనిస్‌కి కాదు. 2025 సీజన్‌కి బ్రయన్ హార్ట్‌లైన్ ఆఫెన్సివ్ కోఆర్డినేటర్, ఆటలు రాసేది ఆయన. రిసీవర్ల కోచ్‌గా పేరు తెచ్చుకున్నా, ఇద్దరు టైట్ ఎండ్‌ల ఫార్మేషన్ ఎక్కువ వాడతాడనే అనుకుంటున్నాను.

వారాంతపు_ప్రేక్షకుడు

ఇద్దరికీ ధన్యవాదాలు. బ్లాకింగ్ సంగతి నేను ఎప్పుడూ చూడలేదు, ఈసారి చూస్తాను. టేట్ మాట ఎవరూ ఎత్తలేదే? ఇంకో చిన్న సందేహం కూడా. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 5 యార్డులు దాటాక రిసీవర్‌ని తాకితే ఫ్లాగ్ పడుతుంది. కాలేజీలో 8, 10 యార్డుల దాకా నెడుతున్నా ఎవరూ ఏమీ అనరు. అంపైర్లు వదిలేస్తున్నారా?

మూడో_డౌన్

వదిలేయడం కాదండీ, నియమమే వేరు. కాలేజీలో 5 యార్డుల ఇల్లీగల్ కాంటాక్ట్ అనే పెనాల్టీ లేదు. రిసీవర్ తన ఎదుట ఉన్నంతసేపు, తనను బ్లాక్ చేసే అవకాశం ఉన్నంతసేపు, బంతి గాల్లోకి లేచే దాకా డిఫెండర్ చేతులు వాడొచ్చు. పట్టుకుని ఆపితే మాత్రం హోల్డింగ్. బంతి లేచాక తాకితే పాస్ ఇంటర్‌ఫియరెన్స్. దీనివల్ల కాలేజీలో ప్రెస్ (రిసీవర్ ఎదుటే దగ్గరగా నిలబడి నెట్టడం) ఆడే కార్నర్‌కి ఎన్‌ఎఫ్‌ఎల్‌కన్నా చాలా వెసులుబాటు, రిసీవర్‌కి మొదటి మూడడుగులే ప్రాణం. దాన్నే రిలీజ్ అంటారు. కబడ్డీలో పట్టు పడబోతుంటే రెయిడర్ నడుము తిప్పి చెయ్యి ఎలా తప్పిస్తాడో, ఇది కూడా అంతే. కార్నర్ తుంటి ఒక వైపు తిరిగేదాకా ఆగి, అతని చెయ్యి చాచగానే మణికట్టు మీద కొట్టి తోసేసి, భుజం వంచి పక్కనుంచి దూరిపోవాలి. ఎక్కువమంది చేసే తప్పు పాదాలు ఉన్నచోటే టపటపా ఆడించడం. చూడ్డానికి బాగుంటుంది కానీ ఒక సెకను ఖర్చయిపోతుంది, అప్పటికి క్వార్టర్‌బ్యాక్ రెండోవాడి వైపు చూడటం మొదలుపెడతాడు.

టేట్ గురించి అడిగారు, అసలు నా దృష్టిలో ఈ సీజన్ మలుపు అతనే. షికాగో కుర్రాడు, 6 అడుగుల 3 అంగుళాలు, స్మిత్‌కన్నా సన్నం. బంతిని ఛాతీ దగ్గరికి రానివ్వడు. చేతులు ముందుకి చాచి, వేళ్లతోనే, శరీరానికి దూరంగా అందుకుంటాడు. పక్క గీత దగ్గర కాళ్ల మీద అతనికున్న అదుపు కాలేజీలో కొద్దిమందికే ఉంది. స్మిత్ వైపు ఇద్దరు వెళ్తే రెండో వైపు టేట్‌కి ఒక్కడే. ఆ ఒక్కడిని అతను ప్రతిసారీ ఓడిస్తే టెక్సస్ సేఫ్టీని వెనక్కి తెచ్చుకోక తప్పదు, అప్పుడు స్మిత్‌కి ఊపిరి ఆడుతుంది. స్లాట్_బ్లాకర్ గారితో నాకు ఇక్కడే భేదం. నడిమధ్య క్లేర్ 8 యార్డుల క్యాచ్‌లు ఆరు పట్టినా ఏ కోచ్ కూడా స్మిత్ మీది నుంచి సేఫ్టీని తీయడు. అవి ఇవ్వడానికి వాళ్లు సిద్ధపడే వస్తారు. తీయించేది అవతలి వైపు 30 యార్డుల క్యాచ్ ఒక్కటి. అది వేయించుకునేది టేట్.

టెక్సస్‌కీ నష్టం ఉందని మరవకండి. కార్నర్‌గానూ నికెల్‌గానూ ఆడిన జాడే బారన్ లేడు, ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో (కొత్త ఆటగాళ్ల ఎంపికలో) ఎగ్‌బూకా 19వ పిక్ అయితే అతను సరిగ్గా 20వది. సేఫ్టీ ఆండ్రూ ముకుబా కూడా వెళ్లిపోయాడు. సేఫ్టీ మైకేల్ టాఫ్, కార్నర్ మలిక్ మహమ్మద్ ఉన్నారు. పాత పథకమే వేసినా అదే మనుషులు కారు.

ఇక సేయిన్. క్వార్టర్‌బ్యాక్ మారితే రిసీవర్ల దారులు మారవు, బంతి చేరే క్షణం మారుతుంది. ఉదాహరణకి 12 యార్డుల అవుట్ (12 యార్డులు వెళ్లి పక్క గీత వైపు తిరగడం) తీసుకోండి. బంతి ఎడమ హ్యాష్ మీద ఉంది, క్వార్టర్‌బ్యాక్ 6 యార్డులు వెనక నిలబడ్డాడు. బౌండరీ వైపు వేస్తే బంతి గాల్లో పోయేది సుమారు 25 యార్డులు. అదే అవుట్ ఫీల్డ్ వైపు చివరికి వేస్తే సుమారు 35 యార్డులు. రిసీవర్ తిరిగాక చూసి వేస్తే ఆ అదనపు 10 యార్డులలో కార్నర్ ముందుకొచ్చి బంతి లాక్కుని నేరుగా ఎండ్ జోన్‌కి పరుగెత్తుతాడు. రిసీవర్ కాలు పాతే ముందే బంతి చెయ్యి విడవాలి. హోవర్డ్ అనేక సీజన్లు ఆడి వచ్చినవాడు కాబట్టి ఆ నమ్మకం ఉండేది. సేయిన్ చెయ్యి చురుకైనది, గురి మంచిదని అందరూ చెప్పేదే. కానీ నిరుడు ఆడింది చాలా తక్కువ. మొదటి మ్యాచే టెక్సస్ మీద కాబట్టి ఫీల్డ్ వైపు అవుట్‌లు తగ్గించి, స్లాంట్‌లు, స్క్రీన్‌లు, మోషన్ మీద ఫ్లాట్‌లోకి వేసేవి లాంటి పొట్టి పాస్‌లు ఎక్కువ పెడతారనుకుంటున్నా. స్మిత్‌కి ఆ రోజు 50 యార్డులే వస్తే కంగారుపడాల్సిన పనిలేదు.

స్లాట్_బ్లాకర్

మూడో_డౌన్ గారూ, టేట్ మీద మీ మాట ఒప్పుకుంటాను, సేఫ్టీని కదిలించేది బయటి పెద్ద క్యాచే. కానీ అది పడాలంటే క్వార్టర్‌బ్యాక్‌కి మూడు సెకన్లు కావాలి, లైన్ నిలవాలి. కొత్త క్వార్టర్‌బ్యాక్ మీదికి బ్లిట్జ్ (అదనపు డిఫెండర్లని) పంపినప్పుడు బంతి రెండు సెకన్లలో పోవాల్సింది క్లేర్‌కో ఇనిస్‌కో. సెప్టెంబరులో నా లెక్క, అక్టోబరు తర్వాత మీ లెక్క నిజం కావొచ్చు. అక్టోబరు 18న విస్కాన్సిన్ వెళ్లేసరికి తేలుతుంది.

హ్యాష్‌మార్క్

వెనక ఉన్నవాళ్ల గురించి రెండు ముక్కలు. 2024 బ్యాచ్ మైలన్ గ్రేహమ్, 2023 బ్యాచ్ బ్రైసన్ రాడ్జర్స్ నాలుగో చోటు కోసం పోటీ. కొత్తగా వచ్చిన వాళ్లలో న్యూజెర్సీ కుర్రాడు క్విన్సీ పోర్టర్ ఒడ్డూ పొడుగూ ఉన్నవాడు, కాలిఫోర్నియా నుంచి ఫిలిప్ బెల్ ఉన్నాడు. ఫ్రెష్‌మన్ ఆడినవి నాలుగు మ్యాచ్‌లు దాటకపోతే రెడ్‌షర్ట్ నిలుస్తుంది, ఒక ఏడాది అర్హత మిగులుతుంది. కాబట్టి సెప్టెంబరు 6న గ్రాంబ్లింగ్, 13న ఓహాయో యూనివర్సిటీ మ్యాచ్‌ల రెండో సగంలో ఎవరిని దించుతున్నారో, తర్వాత ఎవరిని ఆపేస్తున్నారో చూస్తే కోచ్‌ల మనసు తెలిసిపోతుంది. అక్టోబరులోనూ దింపుతున్నారంటే అతను అవసరమని అర్థం. గ్రాంబ్లింగ్ మీద వచ్చే యార్డులని మాత్రం దేనికీ లెక్కపెట్టకండి.

అంకెలు చూడాలంటే మొత్తం యార్డులకన్నా పరుగెత్తిన రూట్‌కి (పాస్ కోసం తీసిన ఒక్కో పరుగుకి) యార్డులు చూడండి. ఒకడు 30 రూట్లు పరుగెత్తి 75 యార్డులు చేస్తే 2.5. రెండు దాటితే చాలా బాగున్నట్టు. ఇనిస్, క్లేర్ ఇద్దరినీ పోల్చడానికి ఇదే సరైన కొలత, ఎందుకంటే టైట్ ఎండ్ సగం స్నాప్‌లు బ్లాకింగ్‌లోనే ఉంటాడు.

టీవీలో చూసే పద్ధతి అడిగారు. స్నాప్‌కి ముందు బంతిని చూడకండి, సేఫ్టీలను లెక్కపెట్టండి. లోతులో ఇద్దరు సమాన దూరంలో ఉన్నారా, ఒకడే నడిమధ్య ఉన్నాడా, లేక ఇద్దరిలో ఒకడు స్మిత్ వైపు జరిగి ఉన్నాడా. మూడోది కనిపిస్తే కళ్లు వెంటనే అవతలి 17 నంబరు మీదికి తిప్పండి, టేట్. మామూలు ప్రసారంలో స్నాప్ తర్వాత కెమెరా దగ్గరకి వెళ్లిపోయి సేఫ్టీలు కనపడరు, రీప్లేలో ఎత్తు నుంచి చూపించినప్పుడు పట్టుకోవాలి.

వారాంతపు_ప్రేక్షకుడు

అందరికీ చాలా థ్యాంక్స్. 4 (స్మిత్), 17 (టేట్), ఇనిస్, క్లేర్ ఈ నలుగురూ ఎక్కడ నిలబడుతున్నారో కాగితం మీద గళ్లు గీసి మొదటి రెండు డ్రైవ్‌లూ రాసి ఇక్కడ పెడతాను. ఇంటి దగ్గర మా తమ్ముడు కూడా చూస్తానంటున్నాడు, హైదరాబాద్‌లో ఎన్నింటికి వస్తుంది?

మూడో_డౌన్

కొలంబస్‌లో మధ్యాహ్నం 12, అక్కడ రాత్రి తొమ్మిదిన్నర. గళ్లలో ఇంకో వరస పెట్టండి: బంతి ఏ హ్యాష్ మీద ఉందో. అది లేకపోతే స్మిత్ బౌండరీలో ఉన్నాడో ఫీల్డ్‌లో ఉన్నాడో తర్వాత చెప్పలేం.